రాగిసంగటి: మూడు వేసవుల్లో నేను నేర్చుకున్న పాఠం

వేసవి సెలవులు ఇచ్చారంటే మా హాస్టలు రెండు రోజుల్లో ఖాళీ అయిపోతుంది. నాది కృష్ణా జిల్లా. మే నెలలో ఇంటికి పోతే ఉక్కపోత, మూడు పూటలా తెల్లటి అన్నం. ఈ రెండింటినీ తప్పించుకుందామనే గత మూడు వేసవుల్లోనూ నా సహాధ్యాయి వెంట పలమనేరు దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి రెండేసి వారాలు ఉండి వచ్చాను. తిరుపతిలో బస్సెక్కి చంద్రగిరి, చిత్తూరు దాటి మొగిలి కనుమ ఎక్కామంటే గాలి మారుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. అర్థశాస్త్రం చదివేవాణ్ణి గనుక జేబులో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకు పోయేవాణ్ణి. ఈ వ్యాసం అందులో నుంచి వచ్చిందే.

మొదటి ఏడు మొదటి పూట నా కంచంలో అన్నం, మామిడికాయ పప్పు, అప్పడం, నెయ్యి. నా పక్కన మావాడికీ అవే. ఇంట్లోవాళ్లెవరూ మాతో కూర్చోలేదు. నీళ్లకని వంటింటి వైపు వెళితే, మావాడి అవ్వ, వాళ్లమ్మ, చిన్నాయన గోడవారగా కూర్చుని రాగిసంగటి తింటున్నారు. నన్ను చూసి అవ్వ కంచం మీద కొంగు కప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు నాకూ సంగటే కావాలని పట్టుబట్టాను. "పట్నంలో చదివే పిల్లోనికి సంగటి పెడితే మీ అమ్మ ఏమనుకుంటాది నాయనా?" అని అవ్వ ఒప్పుకోదు. మూడో రోజుకు గాని నా కంచంలో ముద్ద పడలేదు.

సంగటి చేయడం చూడవలసిన పని. ముందు బియ్యపు నూకలు ఎసట్లో మెత్తగా ఉడకాలి. ఆపైన రాగిపిండిని కుప్పగా పోసి, కలపకుండా, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచుతారు. తొందరపడి కలిపితే ఉండలు కడుతుంది. పిండి ఉడికిన వాసన రాగానే కుండ దించి, కదలకుండా అదిమి పట్టి, కట్టెతో బలంగా కెలుకుతారు. ఆ కెలకడం ఒక వ్యాయామం. చెయ్యి తడి చేసుకుని కంచంలో వేసి గుండ్రంగా తిప్పితే ముద్ద తయారు. తోడుగా చెనక్కాయల ఊరిబిండి గాని, పుల్లగూర గాని, ఉలవచారు గాని ఉంటుంది. (పితికిపప్పు పేరు చాలాసార్లు విన్నాను. అది చలికాలపు వంట, సంక్రాంతికి రమ్మన్నారు.) సంగటిని నమలకూడదు, తుంచి, పులుసులో అద్ది, మింగాలి. ఇది తెలియక నేను మొదటి ముద్దను అరగంట నమిలాను. పిల్లలు విరగబడి నవ్వారు. మిగిలిన ముద్దను రాత్రి నీళ్లలో వేసి, పొద్దున్నే మజ్జిగ పోసి పిసికి, ఎర్రగడ్డ నంజుకుని తాగి పొలానికి పోతారు. మధ్యాహ్నం దాకా ఆకలి అనేది గుర్తుకు రాదు.

హాస్టలుకు తిరిగి వచ్చాక గ్రంథాలయంలో ఈ రాగుల సంగతి వెతికాను. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మరపట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. రాగులకు పురుగు త్వరగా పట్టదు, గాదెలో ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. వాన నమ్మకం లేని ఎర్రనేలల వాళ్లకు ఇంతకంటే మంచి బ్యాంకు ఏముంటుంది? తమాషా ఏమంటే ఈ గింజ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెట్టప్రాంతాలు. వేల ఏళ్ల కిందటే మనదేశం చేరింది. ఊరిబిండిలో పడే వేరుసెనగ, మిరప, పుల్లగూరలో వేసే టమాటా, ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి నిన్న మొన్న వచ్చినవి. "మా పాతకాలపు కూడు" అని అవ్వ చూపించే కంచంలో సగం ప్రపంచం ఉంది.

అప్పుడే గ్రీసు దేశపు క్రీటు దీవి గురించి చదివాను. అక్కడా కొండలు, రాళ్ల నేలలు. బార్లీ పిండితో రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టెను నీళ్లలో తడిపి, ఆలివ్ నూనె పోసుకుని, ఆకుకూరలతో, పప్పుగింజలతో తినేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1948లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున అక్కడి ఇళ్లలో సర్వే జరిగింది. ఇంకేం కావాలని అడిగితే జనం ఎక్కువగా చెప్పింది మాంసం. ఆ తర్వాత 1958లో మొదలైన ఏడు దేశాల పరిశోధనలో, క్రీటు వాసులకు గుండెజబ్బు చాలా తక్కువని ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం తేల్చింది. 2010లో యునెస్కో మధ్యధరా ఆహారాన్ని మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది. రాగులదీ ఇంచుమించు ఇదే దారి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. తిరుపతి హోటళ్లలో రాగిసంగటి, నాటుకోడి పులుసు ఇవాళ బోర్డుకెక్కాయి.

రెండో వేసవి ఈ జ్ఞానమంతా మూటగట్టుకు వెళ్లాను. బియ్యం వదిలి రాగులే తినాలి, వీటిలో ఇంత కాల్షియం ఉంది అని అవ్వకు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె చాట పక్కన పెట్టి సావధానంగా విన్నది. తర్వాత పెరట్లో మూలనున్న ఇసుర్రాయి చూపించి, "దాన్ని ఒకతూరి తిప్పు నాయనా" అంది. తిప్పాను. శేరు రాగులు విసరకుండానే భుజం పట్టేసింది.

"నేను ఈ ఇంటికొచ్చినప్పుడు పదకొండు మంది. కోడి కుయ్యకముందే లేచి అందరికీ ఇసరాల. కడుపుతో ఉన్నప్పుడూ ఇసిరినా. రెండు రూపాయల బియ్యం వచ్చినాక గదా, మేం తెల్లారేదాకా నిద్రపోయింది! సంగటి మంచిదే, కాదన్ను. బియ్యం కూడు తినేటోళ్లు ఎప్పుడన్నా తింటే ఇంకా బో రుచిగా ఉంటాది."

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం గురించి నేను పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. సబ్సిడీ భారం, మెట్టపంటలు వెనకబడడం, అన్నీ రాశాను. మెట్టచేలల్లో వేరుసెనగ పరుచుకోవడం, రేషను బియ్యం ఇంటికి రావడం, ఈ రెండూ కలిసి రాగిచేలను కుదించాయన్నది నిజమే. కాని అందులో ఆడవాళ్ల నిద్ర సంగతి నేను రాయలేదు. మా పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఇప్పుడు మర వచ్చింది, విసరడం పోయింది, అయినా సంగటి అంటే ఆ చాకిరీ జ్ఞాపకం వాళ్లను వదల్లేదు.

అలాగని సంగటి మీద వాళ్లకు చిన్నచూపని అనుకోవడం పొరపాటు. అతిథి ముందు కంచం దాచిన అవ్వే, ఊళ్లో గంగజాతర నాడు రాగి అంబలి కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి నెత్తిన పెట్టుకుని వీధి నడిమధ్య నడిచింది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగేదీ మే నెలలోనే. రకరకాల వేషాల వెంట పరుగెత్తడమే మనవాళ్లకు తెలుసు గాని, ఎండలో వచ్చినవాళ్లకు అంబలి పోసే చేతుల్ని ఆగి చూసేవాళ్లు తక్కువ. దేవతకు పెట్టడానికి రాని సిగ్గు నాకు పెట్టడానికి ఎందుకు వచ్చిందని అవ్వను అడిగాను. "గంగమ్మ మా ఇంటి ఆడబిడ్డ. నువ్వు బయటోడివి" అంది తడుముకోకుండా.

మూడో వేసవి, అంటే ఈ ఏడు, నేను వెళ్లేసరికి రాత్రయింది. ఎవరూ ఏమీ అడగలేదు. అందరితో పాటు గోడవారగా నాకూ ఒక పీట వేశారు, కంచంలో సంగటి, ఊరిబిండి. తింటూ తింటూ క్రీటు దీవి కథ చెప్పాను. రాళ్ల నేలలు, తడిపిన రొట్టె, సర్వేలో మాంసం కావాలన్న ముసలివాళ్లు, ఆ తర్వాత దొరల మెప్పు, అన్నీ చెప్పాను. అవ్వ అంతా విని, ఇంకో ముద్ద నా కంచంలో వేస్తూ ఒక్క మాట అడిగింది.

"ఆ ముసలోళ్లకు మాంసం దొరికిందా మరి?"

వాళ్ల పిల్లలకు దొరికిందన్నాను.

"అట్లయితే సరే. పులుసు పోసుకో, ఆరిపోతా ఉండాది."