ఈ మామిడి ఏ తోటది?

ప్రశ్న: బ్లాక్‌చెయిన్ అంటే బిట్‌కాయినేనా? మాలాంటి పండ్ల వ్యాపారులకు పనికొస్తుందా?

జవాబు: బిట్‌కాయిన్ ఒక్కటే కాదు, మీకూ పనికొస్తుంది. అమెరికాలో దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ బ్లాక్‌చెయిన్‌ను పండ్ల మీదే పరీక్షించింది. కోసిన మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోట నుంచి వచ్చిందో కనుక్కోవడానికి సిబ్బందికి దాదాపు 7 రోజులు పట్టింది. కంప్యూటర్ సంస్థ ఐబీఎంతో కలిసి వివరాలు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కించాక 2.2 సెకన్లలో తేలింది. రైతు, ప్యాకింగ్ షెడ్డు, లారీ, దుకాణం అందరి దగ్గరా ఒకే చిట్టా ఉంటుంది. ఎవరైనా పాత పద్దు దిద్దితే మిగతావారికి ఇట్టే తెలిసిపోతుంది. సరుకు మీద అనుమానం వస్తే ఆ ఒక్క లోడే ఆపొచ్చు, మిగతా రైతుల పండ్లు పారబోయనక్కర్లేదు. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

అయితే మొదటే తప్పు రాస్తే ఆ తప్పే భద్రంగా ఉంటుంది. పైగా అందరూ చేరాలి. ఓడల సంస్థ మెర్స్క్, ఐబీఎం కలిసి నడిపిన ఓడరవాణా బ్లాక్‌చెయిన్ వేదిక ట్రేడ్‌లెన్స్ పరిశ్రమంతా కలిసిరాక 2023లో మూతపడింది. మీ కొనుగోలుదారు అడిగితేనే డబ్బు పెట్టండి.