బ్రిగము యంగుగారి ఉపన్యాసరీతి

మోర్మను మతనాయకుఁడగు బ్రిగము యంగు (1801–1877) వడ్రంగముచే జీవించినవాఁడు. బడిచదువు మిక్కిలి స్వల్పము. ఆయన ప్రసంగమును ముందుగా వ్రాసికొనక, వేదికపైఁ దోఁచినట్లు పలుకుచుండెను. మోక్షముతోపాటు నీటికాలువలు, పైరులు, ఇంటిపొదుపు నందుఁ జోటుచేసికొనుచుండెను. జార్జి వాట్టను లేఖకుఁడు సంక్షిప్తలిపిలో నెక్కించి యచ్చున కొసఁగెను. అచ్చుప్రతి మూలలిపితో సర్వత్ర సరిపోలదని యిటీవలి పరిశోధకులు చూపిరి. వాఙ్మూలమును సరిచూచు న్యాయవాదుల కిది వింతగాదు.

ఆ సహజధోరణి ప్రజల నాకర్షించెను. కాని 1852లో యూటా శాసనసభయం దాయన, నల్లజాతివారు యాజకత్వమున కర్హులు కారని దృఢముగాఁ బలికెను. ఆ నిషేధము 1978 వఱకు నిలిచెను. వినువారు ప్రశ్నింపని వాక్కు ఎంతకాలము బాధించునో యిందువలనఁ దెలియుచున్నది. కావున వక్తృత్వమును మెచ్చుటకుముందు, చెప్పిన విషయము న్యాయమా యని విచారింపవలెనని మేము తలంచుచున్నాము.