వజ్రానికి మెరుపు ఎక్కడిది?

బందరు రేవు నుంచి ఒకప్పుడు బట్టలతోపాటు వజ్రాలు కూడా ఓడలెక్కేవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనులలో దొరికిన రాళ్లవి. 17వ శతాబ్దంలో ఆ గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఒక సంగతి రాశాడు. రాయి శుభ్రంగా ఉంటే ఇక్కడి పనివారు బరువు తగ్గకుండా పైపైన సానపట్టి వదిలేవారట. లోపముంటేనే అది కనబడకుండా చిన్న చిన్న ముఖాలు ఎక్కువగా తీర్చేవారు. తెలివితక్కువ అనుకోకండి, వజ్రం ధరకు తూకమే ముఖ్యం కదా!

మరి మెరుపు మాటేమిటి? గాజు గ్లాసులో నీళ్లు పోసి కంటికన్నా ఎత్తున పట్టుకోండి. నీటి పైతలాన్ని అడుగువైపు నుంచి ఏటవాలుగా చూడండి. వెండిపూత పూసినట్లుంటుంది! నీటిలోంచి గాలిలోకి పోవలసిన కాంతి బాగా ఏటవాలుగా తగిలితే బయటపడలేక వెనక్కి మళ్లుతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. తలానికి గీసిన లంబంతో కాంతి చేసే కోణం ఒక హద్దు దాటితేనే ఇది జరుగుతుంది. ఆ హద్దు పేరు సందిగ్ధ కోణం. నీటికి అది సుమారు 49 డిగ్రీలు, గాజుకు 42. వజ్రానికి 24 డిగ్రీల పైచిలుకు మాత్రమే. అందుకే వజ్రంలో చొరబడిన కాంతి అంత తేలికగా బయటపడదు.

సానపట్టిన వజ్రం పైన బల్లపరుపుగా, అడుగున మొనదేలి ఉంటుంది. అడుగు ముఖాలు పైతలంతో 41 డిగ్రీల కోణంలో ఉన్నాయనుకుందాం. పైనుంచి నిట్టనిలువుగా దిగిన కిరణం ఒక ముఖానికి 41 డిగ్రీలలో తగిలి మళ్లుతుంది. ఎదుటి ముఖానికి 57 డిగ్రీలలో తగిలి మళ్లీ మళ్లుతుంది. పైకొచ్చి కంటిని చేరుతుంది. ఏటవాలుగా బయటపడేటప్పుడు రంగులుగా విడిపోతుంది కూడా. అడుగు కోణం 20 అయితే? మొదటి దెబ్బకే కిందికి కారిపోతుంది. 60 అయితే? రెండవ ముఖానికి సరిగ్గా లంబంగా తగిలి దూసుకుపోతుంది. కోణమానినితో కాగితం మీద గీసి చూడండి. గాజును ఇదే 41 డిగ్రీలకు చెక్కినా లాభం లేదు, దాని హద్దు 42 కదా.

కోహినూరు కథ ఇదే. 1851లో లండన్ ప్రదర్శనలో దానిని చూసినవారు ఇంతేనా అని పెదవి విరిచారు. 1852లో ఆమ్‌స్టర్‌డామ్ పనివారిని రప్పించి 38 రోజులు సానపట్టించారు. సుమారు 191 కారట్ల రాయి 105.6 కారట్లకు దిగింది. కారట్ అంటే 200 మిల్లీగ్రాములు. అంటే 17 గ్రాముల వజ్రం పొడైపోయింది! కోణాలను లెక్కగట్టి తేల్చిన గ్రంథం ఆ తరువాత చాలా కాలానికి, 1919లో వచ్చింది. రాసినవాడు మార్సెల్ టోల్కోవ్‌స్కీ. అడుగు ముఖాలకు ఆయన కట్టిన లెక్క 40 డిగ్రీల 45 నిమిషాలు.