ఎండని చేపకు పొలుసులు



హాస్టల్ వార్షికోత్సవమంటే వేషాలు ఉండాల్సిందే. మన పిల్లలు ఎక్కువగా ఇష్టపడే కథల్లో ఏడు చేపల కథ ఒకటి. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఆరు ఎండుతాయి, ఒకటి ఎండదు. ఎండిన ఆరు చేపలకు అట్ట మీద రంగు వేస్తే చాలు. ఎండని ఏడో చేప మాత్రం తడితడిగా, మెరుస్తూ కనపడాలి. అట్టకు ఆ మెరుపు రాదు, సిలికోన్‌కు వస్తుంది. అందుకే ఖరీదైన సరుకును ఆ ఒక్క చేపకే వాడదాం. సిలికోన్ పొలుసులను అచ్చుపోసి వేషం కట్టే పద్ధతి ఈ పాఠంలో నేర్చుకుందాం. ఇందులో సైన్సు ఉంది, లెక్కలు ఉన్నాయి, చేతిపని కూడా ఉంది.

సిలికోన్ అంటే ఏమిటి?

తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వెతకడం మనకు తెలిసిందే. అప్పుడు చేతికి తగిలే తెల్లటి పలుగురాళ్ళను పక్కన పారేస్తారు. జొన్నగిరి నేలలో బంగారం దొరికేది కూడా ఇలాంటి పలుగురాతి చారల్లోనే. పలుగురాయి అంటే సిలికా, అంటే సిలికాన్ డయాక్సైడ్. దాన్ని విద్యుత్ కొలిమిలో బొగ్గుతో కలిపి వేడిచేస్తే సిలికాన్ అనే మూలకం వస్తుంది. సిలికాన్‌కు మిథైల్ క్లోరైడ్ అనే వాయువును చేర్చి, ఆ తర్వాత నీటితో చర్య జరిపిస్తే సిలికోన్ తయారవుతుంది. సిలికాన్ మూలకం, సిలికోన్ దాని నుండి చేసిన పదార్థం. ఈ తేడా గుర్తుంచుకోండి.

సిలికోన్‌లో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటిగా గొలుసు కట్టి ఉంటాయి. ఆ గొలుసు తేలికగా వంగుతుంది కాబట్టే సిలికోన్ రబ్బరులా సాగుతుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ కిప్పింగ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పదార్థాలను పరిశోధించి వాటికి ఆ పేరు పెట్టాడు. 1940 ప్రాంతంలో అమెరికాలో యూజీన్ రోకో, జర్మనీలో రిచర్డ్ ముల్లర్ ఎవరికి వారే కనిపెట్టిన పద్ధతి వల్ల దీన్ని పెద్దయెత్తున తయారుచేయడం సాధ్యమైంది.

ముందు లెక్క, తర్వాత పని

వేషం వేసేది ఆరో తరగతి పిల్లవాడు అనుకుందాం. మెడ కింద నుండి మోకాలి దాకా 80 సెంటీమీటర్ల పొడవు, ముందు వైపు 50 సెంటీమీటర్ల వెడల్పు. ఒక్కొక్క పొలుసు 5 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు. పై వరుస కింది వరుసను సగం కప్పుతుంది కాబట్టి బయటికి కనపడేది 2.5 సెంటీమీటర్లే.

వరుసలు: 80 ÷ 2.5 = 32
వరుసకు పొలుసులు: 50 ÷ 5 = 10
మొత్తం: 32 × 10 = 320

వెనుక వైపు కూడా అతికిస్తే 640 కావాలి. 3 మిల్లీమీటర్ల మందంతో పోస్తే ఒక్కోటి సుమారు 7 గ్రాములు తూగుతుంది. 640 పొలుసులకు దాదాపు నాలుగున్నర కిలోలు! ఆరో తరగతి పిల్లవాడి మీద అంత బరువు వేయకూడదు. ప్రేక్షకులు చూసేది ముందు వైపు కాబట్టి వెనుక పొలుసులు మానేద్దాం, బరువు సగమవుతుంది. మందాన్ని 1.5 మిల్లీమీటర్లకు తగ్గిద్దాం, మళ్ళీ సగమవుతుంది. సగంలో సగం పావు. మిగిలేది దాదాపు 1 కిలో 100 గ్రాములు. సరుకు ఖర్చు కూడా అదే లెక్కన తగ్గుతుంది.

ఈ లెక్క పెద్ద పెద్ద సినిమావాళ్ళకూ తప్పలేదు. 1954లో జపాన్‌లో తీసిన ‘గాడ్జిల్లా’ చిత్రానికి మొదట తయారుచేసిన రాక్షసబల్లి వేషం సుమారు 100 కిలోలు తూగింది. దాన్ని తొడుక్కుని నటించిన హరువో నకజిమా అందులో కొద్ది నిమిషాలకు మించి ఉండలేకపోయేవాడు. ఎంత అందమైన వేషమైనా లోపలి మనిషి మెదలగలిగితేనే పనికొస్తుంది.

కావలసిన సామాగ్రి

1. మెత్తటి బంకమట్టి.
2. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 2 కిలోలు.
3. గాజు అతికించడానికి హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే సిలికోన్ సీలెంట్ ట్యూబులు 3 లేక 4. వెనిగర్ వాసన వచ్చే రకమే కావాలి. అక్రిలిక్ సీలెంట్ ఈ పనికి రాదు.
4. మొక్కజొన్న పిండి, అదే బేకరీవాళ్ళు వాడే కార్న్‌ఫ్లోర్.
5. గచ్చులో కలిపే ఆక్సైడ్ రంగుపొడి, నలుపు లేక ఆకుపచ్చ.
6. వాజిలిన్, లక్క పాలిష్, చేతి తొడుగులు, ఐస్‌క్రీం పుల్లలు, స్కేలు.
7. వదులైన పాత కాటన్ బనియను, వెడల్పాటి గుడ్డపట్టీలు, వెల్‌క్రో.

అచ్చు తయారీ

కజ్జికాయల చెక్క అచ్చు మీరంతా చూసే ఉంటారు. ఎంతమంది చేసినా కాయలన్నీ ఒకేలా వస్తాయి. పొలుసుల అచ్చుకూ అదే సూత్రం. మొదటి పది పొలుసులు శ్రద్ధగా చేస్తే మిగతావన్నీ అచ్చే చూసుకుంటుంది.

రోహు, కట్ల చేపల పొలుసుల అంచు గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. వీటిని సైక్లాయిడ్ పొలుసులు అంటారు. ఆదివారం చేపలు కొన్న చోట ఒక పొలుసు అడిగి తెచ్చుకుని గమనించండి. తర్వాత గాజుపలక మీద బంకమట్టిని 1.5 మిల్లీమీటర్ల మందంతో చపాతీలా వత్తండి. పలుచటి రేకును వంచి కట్టర్ చేసుకుని పది పొలుసులు కోయండి. చీపురుపుల్లతో వాటి మీద సన్నని గీతలు గీయండి. అంచులు పైకి వచ్చేకొద్దీ కాస్త లోపలికి వాలి ఉండాలి. నిలువుగానో, లోపలికి తవ్వినట్టుగానో ఉంటే అచ్చు అంచు విరుగుతుంది.

పొలుసుల చుట్టూ చెక్కపట్టీలతో 3 సెంటీమీటర్ల ఎత్తు గోడ కట్టి, లోపల వాజిలిన్ పూయండి. ప్లాస్టర్ కలిపేటప్పుడు నీళ్ళలో పొడి చల్లాలి గాని పొడిలో నీళ్ళు పోయకూడదు. కొలతకు ఒక గ్లాసు నీళ్ళకు సుమారు రెండు గ్లాసుల పొడి. మెల్లగా కలిపి ఒక మూల నుండి పోయండి. అరగంటలో గట్టిపడుతుంది. ఇది పదో తరగతి పాఠమే: నీటిని పీల్చుకున్న ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తిరిగి జిప్సం అవుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది.

ఆ వేడిని తక్కువ అంచనా వేయకండి. 2007లో ఇంగ్లండులోని ఒక పాఠశాలలో చేతి అచ్చు తీసుకుందామని ప్లాస్టర్ బకెట్‌లో చేతులు పెట్టిన ఒక విద్యార్థిని చేతివేళ్ళు చాలావరకు పోగొట్టుకుంది. గట్టిపడుతున్న ప్లాస్టర్‌లో చెయ్యి గాని, కాలు గాని ఎన్నడూ ఉంచరాదు. మిగిలిన ప్లాస్టర్‌ను బాత్‌రూం కాలువలో పోయకండి, గట్టిపడి పూడిపోతుంది.

గట్టిపడిన అచ్చును తిరగేసి మట్టి తీసేసి, రెండు మూడు రోజులు ఎండబెట్టండి. రెండు మూడు పూతలు లక్క పాలిష్ వేస్తే రంధ్రాలు మూసుకుంటాయి. ఇలాంటి అచ్చులు రెండు చేసుకోండి.

పొలుసులు పోయడం

ఈ పని వరండాలోనో, మిద్దె మీదనో గాలి ఆడే చోట చేయాలి. పెద్దవాళ్ళు ఒకరు దగ్గర ఉండాలి. చేతి తొడుగులు తప్పనిసరి.

ట్యూబులోని సిలికోన్ గాలిలోని తేమతో కలిసి గట్టిపడుతుంది. అప్పుడు ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుంది, వెనిగర్ వాసన దానిదే. మన ప్రాంతపు పొడిగాలిలో తేమ తక్కువ కాబట్టి ఒట్టి సిలికోన్ ఆలస్యంగా గట్టిపడుతుంది. మొక్కజొన్న పిండిలో కొంత తేమ ఉంటుంది. ఆ పిండి కలిపితే లోపలి భాగం కూడా త్వరగా గట్టిపడుతుంది. ఒక వంతు సిలికోన్‌కు ఒక వంతు పిండి, చిటికెడు రంగుపొడి కలపండి. పిండి ఎక్కువైతే బిరుసుగా వస్తుంది. ముందు చిన్న ఉండ చేసి చూసుకుని ఆ తర్వాత మొదలుపెట్టండి.

అచ్చుకు పలుచగా వాజిలిన్ రాసి, ముద్దను గుంటల్లో నొక్కండి. సబ్బునీళ్ళలో తడిపిన స్కేలుతో పైన గీకి సమం చేయండి. గంట రెండు గంటల్లో ఊడిరావాలి. ఒక అచ్చుకు ఒక వరుస, రెండు అచ్చులకు రెండు వరుసలు. 32 వరుసలకు 16 సార్లు పోయాలి. సాయంత్రం ఆటల వేళ ఒకసారి, స్టడీ అవర్ ముగిశాక ఒకసారి పోస్తే ఎనిమిది రోజుల్లో పూర్తవుతుంది.

అతికించడం

సిలికోన్‌కు మామూలు గమ్ము గాని, రంగు గాని అంటుకోవు. దానికి అంటుకునేది సిలికోన్ ఒక్కటే. అందుకే రంగును ముందే కలిపాం, అతికించడానికి కూడా ట్యూబు సిలికోన్‌నే వాడతాం. పొలుసుల వాజిలిన్ పోయేలా సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

బనియను ముందు భాగాన్ని కింద గుడ్డ కలిపి మోకాలి దాకా పొడిగించండి. అట్ట మీద సాగదీసి గీతలు గీయండి. కింది వరుస నుండి పైకి రావాలి. ఇంటికప్పు మీద పెంకులు పరిచే పద్ధతి ఇదే. ప్రతి వరుస తన కింది వరుస అతుకును కప్పేస్తుంది. పొలుసు పైభాగం మాత్రమే అతికించి, కింది అంచు వదిలేయండి. అప్పుడే ఒళ్ళు కదిలినప్పుడు పొలుసులూ కదులుతాయి. రెండు పొలుసుల మధ్య సందు మీదికి పై వరుస పొలుసు నడుమ భాగం రావాలి. చివరగా రంగు కలపని సిలికోన్‌ను సబ్బునీటి వేలితో పలుచగా పులిమితే తడి మెరుపు వస్తుంది.

జాగ్రత్తలు

1. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు రోజులు, వేషం తొడగరాదు.
2. సిలికోన్ గుండా గాలి ఆడదు, చెమట ఆరదు. ముఖానికి వేయకండి. ముక్కు, నోరు, మెడ తెరచి ఉంచాలి. లోపల పలుచటి నూలుబట్ట వేయాలి.
3. వెనుక వెల్‌క్రో పెట్టండి. ఉక్క పోసినా, కళ్ళు తిరిగినా పక్కవాళ్ళు ఒక్క లాగులో విప్పగలగాలి.
4. పది నిమిషాలకు మించి వేషంలో ఉంచకండి. దిగగానే మంచినీళ్ళు ఇవ్వండి.
5. దీపాలకు, హారతులకు దూరంగా ఉండాలి.

ముగింపు

అద్దెకు తెచ్చిన వేషం మరునాడు తిరిగి వెళ్ళిపోతుంది, మనకు బిల్లు మిగులుతుంది. అచ్చు మాత్రం హాస్టల్ స్టోరు రూములో ఉంటుంది. దాన్ని పాత గుడ్డలో చుట్టి, సంవత్సరం రాసి దాచండి. వచ్చే ఏడాది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దానితో పాము వేషమో, మత్స్యకన్య వేషమో చేసుకుంటారు. పళ్ళ డాక్టరు దగ్గర పంటి అచ్చు తీసే పనిలోనూ, చెయ్యి కోల్పోయినవారికి కృత్రిమ వేళ్ళు చేసే పనిలోనూ ఇవే సూత్రాలు, ఇదే సిలికోన్ జాతి పదార్థాలు. వేషం కోసం నేర్చుకున్న పని రేపు బతుకుతెరువు కూడా కావచ్చు.

అభ్యాసం

1. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు గల గుడ్డ మీద 4 సెంటీమీటర్ల వెడల్పు పొలుసులు, 2 సెంటీమీటర్లు బయటికి కనపడేలా అతికిస్తే ఎన్ని పొలుసులు కావాలి?
2. పై వరుస నుండి కిందికి అతికిస్తే ఏమవుతుంది?
3. సిలికాన్‌కు, సిలికోన్‌కు తేడా ఏమిటి?

(మొదటి ప్రశ్నకు జవాబు: 300.)