వేసవి పండ్లు - మీగడ పెరుగు

గ్రీష్మకాలమున దేహము చెమటచే నీటిని, లవణమును కోల్పోవును, ఆకలి మందగించును. అట్టి వేళ నూనెలో వేచిన చిరుతిండ్లకంటె పండ్లు, పెరుగు మేలు. ఈ పాఠమున, పండ్లముక్కలను చిక్కని మీగడ పెరుగులో అద్దుకొని తినెడు ఒక ఉపాహారమును చేయు విధమును, అందలి శాస్త్రవిషయములను తెలిసికొందము.

రెండు సంప్రదాయములు

1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు, విశాఖపట్టణము జిల్లాలోని జయపురము సంస్థాన ప్రాంతము కోరాపుట్ జిల్లాగా అందు చేరినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయినది. కావున మన యిండ్లలో రెండు వంటల వాసనయు కలదు. శ్రీరామనవమికి మనము బెల్లము, మిరియములు, ఏలకులు కలిపి పానకము చేయుదుము. ఏప్రిల్ నడుమ వచ్చు పణా సంక్రాంతినాడు మన ఒడియా సోదరులు మారేడుపండు గుజ్జును బెల్లము, పాలవిరుగుడు, అరటిపండులతో కలిపి 'బెల పణా' చేయుదురు. పండును, పాడిని, బెల్లమును ఒకచోట చేర్చుట ఈ నేలకు క్రొత్త కాదు.

కావలసినవి

చిక్కని పాలు 1 లీటరు, బెల్లపు పొడి 2 చెంచాలు, ఏలకులు 2, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మకాయ. పండ్లలో మామిడి, బొప్పాయి, అనాస, అరటి, జామ - దొరికినవి చాలును. మామిడిలో సువర్ణరేఖ వంటి గట్టి కండగల రకమైనచో ముక్కలు చెదరవు. ఖరీదైన పండ్లకై పట్టణమునకు పోనక్కరలేదు.

చేయు విధము

పాలను కాచి, గోరువెచ్చగా నున్నపుడు తోడువేసి, రాత్రియంతయు కదపక ఉంచవలెను. ఉదయమున ఆ పెరుగును మీగడతో సహా ఉడికించి ఆరవేసిన పలుచని నూలుగుడ్డలో మూటకట్టి, నీడపట్టున మూడు గంటలు వ్రేలాడదీయవలెను. ఎండకాలమున అంతకుమించి ఉంచినచో పులియును. క్రింద గిన్నెలోనికి దిగిన తేటను పారబోయక మజ్జిగలో కలుపుకొనవచ్చును. గుడ్డలో మిగిలిన ముద్దను గిన్నెలో వేసి, జల్లించిన బెల్లపు పొడి, ఏలకుల పొడి, ఉప్పు చేర్చి నునుపుగా గిలకొట్టవలెను. గిన్నెకు మూతపెట్టి, తడియిసుకలో నిలిపిన మట్టికుండలో ఉంచినచో చల్లబడును. కుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని గైకొనుటయే ఇందులకు కారణము.

పండ్లను కోయుటకు ముందే కడుగవలెను. కోసిన పిదప కడిగినచో సి విటమిను కొంత నీటిపాలగును. అరటిని చివర కోసి నిమ్మరసము చిలికినచో ముక్కలు త్వరగా నల్లబడవు. ముక్కలను అడ్డాకు విస్తరిలో పేర్చి, నడుమ పెరుగుగిన్నె నుంచి, శుభ్రమైన వెదురుపుల్లలతో గ్రుచ్చి అద్దుకొని తినవలెను.

కలుపక అద్దుకొనుట ఏల?

అనాసలో మాంసకృత్తులను విడగొట్టు బ్రొమెలైన్ అను ఎంజైము కలదు. పచ్చి అనాసముక్కలను పెరుగులో కలిపి ఉంచినచో అది పెరుగులోని కేసీనును విరుగగొట్టగా చేదు పుట్టును. ఉడికించినచో ఆ ఎంజైము నశించును. మనము ముక్కలను ఉడికింపము గనుక, తినెడు క్షణమున మాత్రమే అద్దుకొనవలెను.

మీగడ రుచికొరకే గాదు. మామిడి, బొప్పాయిలకు పసుపువన్నె నిచ్చు కెరోటీనునుండి మన శరీరము ఎ విటమినును తయారుచేసికొనును. కెరోటీను ఒంటబట్టుటకు కొంత కొవ్వు కావలెను. మీగడ ఆ పని చేయును. ఎ విటమిను కొరవడినచో రేచీకటి కలుగును.

తల్లిదండ్రులకు ఒక మాట

2007లో కాశీపురము, దశమంతపురము ప్రాంతములలో విషూచి ప్రబలి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. కలుషజలమే ఈ వ్యాధికి వాహనము. కావున కాచి చల్లార్చిన నీటితోనే పండ్లను, కత్తిని, చేతులను కడుగవలెను. కోసిన పండ్లను ఈగలు వ్రాలకుండ మూయవలెను. పూట దాటినచో తినరాదు. బెల్లమునకు బదులు అడవితేనె వాడువారు ఏడాది నిండని శిశువులకు దానిని పెట్టరాదు.

రెండు పేర్లు

మన పిల్లలు సంతలో ఒడియాలో బేరమాడుదురు. అది అవసరము, మంచిది. కాని సంతలో 'సపురి' అని అడిగిన బాలుడు ఇంటికి వచ్చి 'అనాస' అని చెప్పలేకపోయినచో ఒక మాట మన యింట కరవైనట్లే. రెండును నేర్వవలెను. మామిడి ఒడియాలో ఆంబ, జామ పిజుళి, పుచ్చకాయ తరభుజ, పెరుగు దహి, మీగడ సర. బొప్పాయిని అమృతభండా అందురు. అమృతపు కుండ యని అర్థము, ఎంత చక్కని పేరు! పనస వారికి పణస; అరటి వారికి కదళి, మన కావ్యములందును కదళియే. 'అనాస' పోర్చుగీసువారివెంట అమెరికాఖండమునుండి పండుతోపాటు వచ్చిన మాట. మాటలు ఇట్లు దేశములు దాటి వచ్చి మనవైనవి. చేతనున్నవానిని జారవిడువకుండుట మన వంతు. ముక్కలు కోయునపుడు తల్లి ఒక పేరు చెప్పగా బిడ్డ రెండవది చెప్పినచో, వంటతోపాటు పాఠమును పూర్తియగును.

ప్రశ్నలు

1. అనాసముక్కలను పెరుగులో కలిపి ఉంచరాదేల?
2. పండ్లను కోయకముందే కడుగుట వలన లాభమేమి?
3. మట్టికుండలోని పదార్థము చల్లబడుటకు కారణమును వ్రాయుము.
4. మీ ఊరి సంతలో అమ్ము ఐదు పండ్ల పేర్లను తెలుగు, ఒడియా భాషలలో వ్రాసి, ఇంటిలోని పెద్దలకు చదివి వినిపింపుము.