టిష్యూకల్చర్ మొక్కలో మైటోకాండ్రియా మారితే? మొక్కజొన్న నేర్పిన పాఠం

పై వీడియోలో తొందరగా చెప్పేసిన విషయాన్ని ఇక్కడ నిదానంగా చూద్దాం. జగ్గయ్యపేట, నందిగామ వైపు అరటి వేద్దామనుకునేవాళ్లు మొక్కలు కొనే ముందు ఇది చదవండి.

"ల్యాబ్ మొక్కలు కదా, అన్నీ ఒకేలా ఉంటాయి" అనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ అన్నిసార్లూ కాదు.

మైటోకాండ్రియా అంటే?

కణానికి శక్తినిచ్చే పొయ్యి లాంటిది. కణకేంద్రంలో ఉన్న జన్యువులు కాక, దీనికి సొంతంగా కొన్ని జన్యువులు ఉంటాయి. మొక్కల్లో ఈ డీఎన్‌ఏ పెద్దది, అందులో ఒకే రకం ముక్కలు పలుచోట్ల వస్తాయి. ఆ ముక్కల దగ్గర తెగి, వేరేగా అతుక్కునే అవకాశం ఉంది. కణాలను గాజు సీసాలో గడ్డలాగా, అంటే కాలస్‌గా, ఎక్కువకాలం పెంచితే ఈ మార్పులకు వీలు పెరుగుతుంది.

మొక్కజొన్న కథ

అమెరికాలో హైబ్రిడ్ విత్తనం తీయడానికి మగపూత కోసే కూలి ఖర్చు తప్పించాలని, పుప్పొడి రాని 'టెక్సాస్' రకం వాడారు. ఆ గుణం మైటోకాండ్రియాలో ఉన్న టీ-యుఆర్‌ఎఫ్13 అనే జన్యువు వల్ల వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, అదే జన్యువు ఆకుమాడు తెగులు శిలీంధ్రం వదిలే విషానికి దారి ఇస్తుంది. 1970లో తెగులు విరుచుకుపడి దేశం మొత్తం మీద పంటలో సుమారు 15 శాతం పోయింది. ఊరంతా ఒకే రకం వేస్తే ఏమవుతుందో చూశారా?

తర్వాత శాస్త్రవేత్తలు ఆ రకం కణాలను కాలస్‌గా పెంచి విషం పెట్టారు. బతికిన కణాల నుంచి వచ్చిన మొక్కలు తెగులు విషాన్ని తట్టుకున్నాయి, పుప్పొడి కూడా ఇచ్చాయి! చూస్తే ఆ జన్యువు ఊడిపోయింది, లేదా చెడిపోయింది. విషం పెట్టకుండా పెంచిన వాటిలోనూ అలాంటి మొక్కలు వచ్చాయి. అంటే మార్పు కల్చర్‌లోనే జరిగింది. ఇక్కడ అది మేలు చేసింది. ప్రతిసారీ మేలే చేస్తుందని చెప్పలేం.

మన అరటికి ఏం సంబంధం?

అరటిని కాలస్ నుంచి కాకుండా సాధారణంగా పిలక మొన నుంచి పెంచుతారు, కాబట్టి ప్రమాదం తక్కువ. అయినా పొట్టి మొక్కలు, ఆకు తేడా ఉన్నవి వస్తుంటాయి. వాటన్నిటికీ మైటోకాండ్రియానే కారణం అనుకోవద్దు. కణకేంద్రంలో వచ్చే మార్పులూ ఉంటాయి. ఏదైనా సరే, నష్టం మాత్రం రైతుదే. గెల వచ్చే దాకా తెలియకపోతే ఏడాది పోయినట్టే.

కొనే ముందు

1. తల్లి మొక్క ఎక్కడిది, ఎన్నిసార్లు విడదీసి పెంచారు అని అడగండి. ఎక్కువసార్లు విడదీసేకొద్దీ తేడా మొక్కలు పెరుగుతాయి.
2. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో మొదలుపెట్టిన టిష్యూకల్చర్ ధ్రువీకరణ ఉందా చూడండి. బిల్లు దాచుకోండి.
3. నర్సరీలోనే తేడాగా కనిపించే మొక్కలు పక్కన పెట్టేయండి.
4. మంచి గెల వేసిన తల్లి నుంచి, తెగులు లేని పిలకలు తీసి, బీజామృతంలో ముంచి నాటండి. బీజామృతం జన్యువుల మార్పును సరిచేయదు, అది గుర్తుంచుకోండి.

సందేహం ఉంటే గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఆకు ఫొటో కాదు, వీలైతే మొక్కనే పట్టుకెళ్లండి. మీ తోటలో ఇలాంటి తేడా మొక్క కనిపిస్తే పీకేసే ముందు ఒక వీడియో తీసి పెట్టుకోండి. పక్క రైతుకు పనికొస్తుంది.