కనిపించని కండరానికి ఒక మానిటర్

ఈ శీర్షికలో మామూలుగా ప్రోగ్రాముల గురించి, నెట్‌వర్కుల గురించి చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి ఒంటి సంగతి చెప్పుకుందాం. ఇందులోనూ సెన్సర్, సిగ్నల్, ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నీ ఉన్నాయి కాబట్టి మరీ దారి తప్పినట్టు కాదు.

కిందటి వేసవిలో మా అమ్మ టొరాంటో వచ్చింది. నయాగరా వెళదామంటే మోకాళ్ళ నొప్పులంది. గుడికి వెళదామంటే ఇంకోసారి చూద్దాంలే అంది. అసలు కారణం నాకు చెప్పలేదు, మా ఆవిడకి చెప్పింది. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా మూత్రం కొంచెం జారిపోతోందట. పదేళ్ళ నుంచీ ఇంతేనట. "ఇద్దరు పిల్లల్ని కన్నాక ఇదంతా మామూలే, దీనికి కూడా డాక్టరెందుకు?" అని ఆవిడ వాదన.

చాలామందికి వచ్చేదే, నిజమే. కానీ భరించి తీరాల్సింది మాత్రం కాదు.

ఎందుకు జారుతుంది?

నడుము కింద, ముందున్న ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, ఉయ్యాలలా ఒక కండరాల పొర ఉంటుంది. మూత్రాశయాన్నీ, గర్భాశయాన్నీ, పెద్దపేగు చివరి భాగాన్నీ కింద నుంచి మోసేది అదే. వీటిని కటి కండరాలు అందాం. దగ్గినప్పుడు కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ క్షణంలో ఈ కండరాలు బిగుసుకుని మూత్రం బయటికి వచ్చే దారిని మూసి ఉంచాలి. కాన్పులు, వయసు, ఎడతెగని దగ్గు, మలబద్ధకం, అధిక బరువు వీటిని బలహీనం చేస్తాయి. అప్పుడు ఒత్తిడే గెలుస్తుంది.

ఇంకో రకం ఉంది. మూత్రాశయం నిండకముందే తనంతట తాను ముడుచుకుని, బాత్రూముకి చేరేలోపే తొందరపెడుతుంది. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. ఏ రకమో డాక్టరు చెప్పాలి.

1948లో రెండు సంగతులు

ఫీడ్‌బ్యాక్ మీద నోర్బర్ట్ వీనర్ రాసిన 'సైబర్నెటిక్స్' 1948లో వచ్చిందని మనలో కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీవైద్య నిపుణుడు కటి కండరాల వ్యాయామాల మీద తన వ్యాసం ప్రచురించాడు. గాలి గదిలాంటి చిన్న సాధనాన్ని యోనిలో ఉంచి, దానికి ఒత్తిడి కొలిచే మీటరు తగిలించాడు. కండరం బిగిస్తే ముల్లు కదులుతుంది. కంటికి కనిపించని కండరం పని మొదటిసారి కళ్ళెదుట కనిపించింది. 'బయోఫీడ్‌బ్యాక్' అన్న మాట పుట్టింది 1969లో. అంటే పేరుకన్నా పరికరం రెండు దశాబ్దాలు ముందుంది!

సిగ్నల్‌లో చిక్కు

ఇప్పటి యంత్రాలు చాలావరకు ఒత్తిడికి బదులు కండరంలో పుట్టే విద్యుత్తుని కొలుస్తాయి. అది మైక్రోవోల్టులలో ఉంటుంది. దాన్ని పెంచి, రణగొణధ్వని వడగట్టి, సగటు తీసి తెర మీద గీతగా చూపిస్తారు. బిగిస్తే గీత లేస్తుంది, వదిలితే దిగుతుంది.

ఇక్కడే మనకి బాగా తెలిసిన చిక్కొకటి ఉంది. మనం కొలిచేది మనకి కావలసినదేనా? ఒత్తిడి మీటరుకి, కండరాన్ని పైకి లాగినా, ముక్కి కిందకి తోసినా ఒకేలా కనిపిస్తుంది. విద్యుత్తు కొలిచే సెన్సరు పక్కనున్న పిరుదుల, తొడల కండరాల సందడిని కూడా పట్టుకోగలదు. అందుకే కొందరు ఫిజియోథెరపిస్టులు పొట్ట మీద ఇంకో సెన్సరు పెడతారు. ఆ గీత లేచిందంటే తప్పు కండరం పనిచేస్తున్నట్టే.

ఇది చిన్న విషయం కాదు. 1991లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, నోటిమాటగా చెప్పి చేయించినప్పుడు సుమారు సగంమంది స్త్రీలే సరిగ్గా బిగించగలిగారు. పాతికశాతం మంది చేసిన తీరు సమస్యని పెంచేలా ఉంది. మా అమ్మ కూడా ఊపిరి బిగబట్టి కిందకి తోస్తోందని ఇక్కడి ఫిజియోథెరపిస్టు మొదటి రోజే కనిపెట్టింది.

యంత్రం తప్పనిసరా?

వ్యాయామం పనిచేస్తుందనడానికి గట్టి సాక్ష్యం ఉంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన షాంటాల్ డుమూలాన్, మరికొందరు కలిసి 2018లో చేసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, దగ్గితే జారే రకంలో, వ్యాయామం చేసినవారిలో 56 శాతం మంది నయమైందన్నారు. చెయ్యనివారిలో 6 శాతమే.

యంత్రం సంగతి వేరు. 2020లో బ్రిటన్‌లో 600 మంది స్త్రీల మీద జరిగిన ప్రయోగంలో, వ్యాయామానికి బయోఫీడ్‌బ్యాక్ జోడించినా రెండేళ్ళ తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది డుమూలాన్ బృందం క్విబెక్‌లో అరవై దాటిన 362 మందితో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కొందరికి బయోఫీడ్‌బ్యాక్‌తో విడివిడిగా, కొందరికి గుంపుగా పన్నెండు వారాలు నేర్పారు. ఏడాది తర్వాత జారిపోవడం విడిగా నేర్చుకున్నవారిలో 70 శాతం, గుంపులో 74 శాతం తగ్గింది. ఖరీదైన దారిలో అదనపు లాభం కనబడలేదన్నమాట.

నాకు అర్థమైనది ఇది. బయోఫీడ్‌బ్యాక్ డీబగ్గర్ లాంటిది. తప్పెక్కడుందో చూపిస్తుంది, సరిదిద్దే పని మనదే. కండరం దొరకనివాళ్ళకి ఉపయోగం, దొరికాక రోజువారీ సాధనే మందు.

ఎలా చెయ్యాలి?

అపానవాయువునీ, మూత్రాన్నీ ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికీ పైకీ లాగాలి. పొట్ట, పిరుదులు వదులుగా ఉండాలి, ఊపిరి ఆడుతూ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది సెకన్లు నిలిపి, అంతసేపూ వదలాలి. విడతకి కనీసం ఎనిమిది సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. మొదట్లో రెండు మూడు సెకన్లే నిలిచినా ఫరవాలేదు. దగ్గు వస్తోందనగానే ముందే బిగించడం అలవాటు చేసుకోవాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం వ్యాయామంగా చెయ్యకూడదు. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కాళ్ళలో హఠాత్తుగా బలహీనత ఉంటే వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఒంటారియోలో ఫిజియోథెరపిస్టుని కలవడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. ప్రైవేటు క్లినిక్కులో ఖర్చు మాత్రం మనదే, ఆఫీసు ఇన్సూరెన్సు ఉంటే కొంత తిరిగి వస్తుంది. అమ్మ కోసం మేం తీసుకున్న విజిటర్ పాలసీలో ఇది రాలేదు. నాలుగుసార్లు వెళ్ళాం, యంత్రం వాడింది రెండుసార్లే. మిగతాదంతా ఇంట్లో, టీవీ సీరియల్ ప్రకటనల మధ్య.

పూర్తిగా తగ్గిందని చెప్పను. కానీ అక్టోబరులో నయాగరా చూసింది, పడవ కూడా ఎక్కింది.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు బీపీ, షుగర్ గురించి అడుగుతారు కదా, ఈ సంగతి కూడా అడగండి. మీరు అడగలేకపోతే అక్క చేతో, మీ ఆవిడ చేతో అడిగించండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.